పచ్చ ఫ్లాపీలో పాట

పూండి,
ఆగస్టు 11

తిరుపతిరావు అన్నయ్యకి,

అన్నమ్మ వందనాలు. పార్శిల్ విప్పే ముందు ఈ ఉత్తరం చదవండి.

గుడ్డలో చుట్టి ఉన్నది పచ్చ ఫ్లాపీ. మీ బావ ఆఖరుగా కట్టిన పాట అందులో ఉంది. మాటలు నావి, రాగం ఆయనది. మాటలు నాకు నోటికి వచ్చు. రాగం మాత్రం ఒక్కసారి కూడా వినలేదు. "బాగయ్యాక సర్చిలో వాయిత్తాను, అప్పుడే ఇందువు గాని" అనేవారు. బాగవలేదు.

ఆయన చర్చిలో వాయించే కీబోర్డుకి ఫ్లాపీ పెట్టే నోరు పాడైంది. పెడితే గరగరమని ఊరుకుంటుంది. అందుకని పలాసలో ఒక కంప్యూటరు షాపుకి తీసుకెళ్ళాను. వాళ్ళ దగ్గర మూల పడేసిన పాత కంప్యూటరుకి ఫ్లాపీ నోరు ఉంది. షాపతను ఫ్లాపీ పెట్టి టీకి వెళ్ళాడు. తెర మీద ఇంగ్లీషులో ఏదో అడిగింది. కింద ఎస్, నో అని రెండు ఉన్నాయి. ఎస్ నొక్కాను. మళ్ళీ అడిగింది. మళ్ళీ ఎస్ నొక్కాను. అతను వచ్చి, "ఏటి సేసినావమ్మా, సెరిగిపోతంది!" అని అరిచి ఫ్లాపీ పీకేశాడు. అప్పటికి సగం చెరిగిపోయిందట.

ఎందుకు నొక్కానో చెప్తాను. పోయిన నవంబరు నుంచి అందరూ నన్ను ఏదో ఒకటి అడుగుతూనే ఉన్నారు. ఈ శవపెట్టె సరిపోతుందా, సమాధి మీద ఈ వాక్యం చెక్కించెయ్యమంటావా, మైకుసెట్టు అమ్మేస్తావా. అన్నిటికీ ఊఁ అన్నాను. కంప్యూటరు అడిగినా ఊఁ అన్నాను.

చెరిగిపోయిందని అతను చెప్పినప్పుడు కూడా నాకు ఏమీ అనిపించలేదు. అక్కడే భయం వేసింది. ఆయన పోయిన రోజు నుంచి ఇప్పటివరకు నాకు ఏడుపు రాలేదు అన్నయ్యా. మట్టి వేసేటప్పుడూ రాలేదు. రాయి కూడా ఎండకి కాగుతుంది, నేను దానికీ పనికిరానట్టున్నాను. ఆ రాగం వింటే ఏమైనా అవుతుందేమోనని ఒక ఆశ. నవంబరు 16 ఆదివారం చర్చిలో జ్ఞాపకార్థ కూడిక పెట్టారు. ఆ లోపు దొరికితే పాడతాం.

ఫోను చెయ్యకండి, ఎత్తను. రావద్దు కూడా. మనిషి వస్తే టీ పెట్టాలి, మాట్లాడాలి. కాగితమైతే ఎవరూ నా మొహం చూడరు.

అన్నమ్మ


టెక్కలి,
ఆగస్టు 23

చెల్లెమ్మా,

గుడ్డ, దాని మీద కవరు, దాని మీద కొబ్బరి తాడు. ఆ పార్శిల్ విప్పడానికి నాకు ఒక పూట పట్టింది. అత్తారింటికి పంపే సారె కూడా ఇంత గట్టిగా కట్టరు. పోనీలే, ఉప్పుగాలి తగలకుండా వచ్చింది.

రావద్దన్నావు, రాను. ఫోను వద్దన్నావు, చెయ్యను. మా ఆవిడ యామిని మాత్రం "బావ పోయినోడు పోయినాడు, సెల్లి కూడా పోయిందా ఏటి, ఎల్లి సూడు" అని తిడుతోంది. ఆ తిట్లు నీ తరఫున నేను తింటున్నాను.

ఇక సంగతి. ఫ్లాపీ లోపల పల్చటి గుండ్రటి పొర ఉంటుంది. దాని మీద వలయాలు వలయాలుగా అయస్కాంతపు రాత. కంటికి కనపడదు. కంప్యూటరు ఒక్కో వలయాన్ని ఒక లెక్కలో ముక్కలు చేసుకుంటుంది. బావ కీబోర్డు తన సొంత లెక్కలో చేసుకుంటుంది. ఆ రాత నిండుగా ఉన్నా కంప్యూటరుకి ఖాళీ పలకలాగే కనబడుతుంది. అందుకే "చెరిపి కొత్త గీతలు గియ్యనా" అని నిన్ను అడిగింది. తెలియనిదాన్ని తెలియదని చెప్పకుండా చెరిపేస్తాననడం దాని తప్పు. నీది కాదు.

నేను ఏం చేశానంటే, పాత ఫ్లాపీ డ్రైవుకి అరచేతిలో పట్టే ఒక బోర్డు తగిలించాను. దానికి ఏ భాషా రాదు. అదే దాని గొప్ప. ఉన్న రాతని ఉన్నట్టు ఎత్తి కంప్యూటరులో పెడుతుంది. దాన్ని డిస్క్ ఇమేజ్ అంటారు. మన జిరాక్సు షాపు భాషలో ఫ్లాపీకి జిరాక్సు. ముందు జిరాక్సు తీసి, అసలుని బీరువాలో దాచి, తిప్పలన్నీ నకలుతోనే పడాలి. పొర మీద బూజు ఉంటే స్పిరిట్ దూదితో తుడిచి, మళ్ళీ మళ్ళీ తీశాను.

చేదు మాట ఇప్పుడే చెప్పేస్తాను. చెరపడం బయటి వలయాల నుంచి లోపలికి జరుగుతుంది. బయటి వలయాలు ఊడ్చుకుపోయాయి. ఏ పాట ఎక్కడుందో చెప్పే పట్టిక కూడా అక్కడే ఉండేది. లోపలి వలయాల్లో రాత ఉంది, కానీ అది ఏ పాటో, ఎక్కడ మొదలో తెలియదు. తిత్లీ తుపాను మర్నాడు మన ఊళ్ళు ఉన్నట్టుంది. ఇళ్ళున్నాయి, దారులు లేవు. వెతుకుతాను.

ఇంకో మాట. ఇది టేపు కాదు. ఇందులో శబ్దం ఉండదు. ఏ మెట్టు ఎప్పుడు నొక్కాడు, ఎంత గట్టిగా నొక్కాడు, ఎప్పుడు వదిలాడు, అంతే ఉంటుంది. అది చదివి కీబోర్డు వాయిస్తుంది. బావ గొంతు కోసం చూడకు. దొరికితే వేళ్ళు దొరుకుతాయి.

పోల్చుకోవడానికి పాట మాటలు రాసి పంపు. కీబోర్డు కూడా పంపు. దాని పాత నోరు పీకి పెన్‌డ్రైవు పెట్టే డబ్బా బిగిస్తాను. ఆ డబ్బా పెన్‌డ్రైవుని చూపించి ఫ్లాపీ అని నమ్మిస్తుంది. పాపం కీబోర్డు నమ్మేస్తుంది.

వరస కలుపుకున్న బావే అయినా, లేడని నాకు రోజూ కొత్తగా తెలుస్తోంది చెల్లెమ్మా. నేను ఏడ్చాను. నీ వంతు కూడా ఏడ్చానేమో.

తిరుపతిరావు


పూండి,
సెప్టెంబరు 9

అన్నయ్యకి,

సరే. వేళ్ళు చాలు.

కీబోర్డు మా పాస్టరు గారి కారులో పంపుతున్నాను. టెక్కలిలో ఏదో పెళ్ళి ఉందట. పైన దుమ్ము ఉంటుంది, నేను తుడవలేదు.

పాట కావాలన్నారు, పోల్చుకోవడానికి. పల్లవి రాస్తున్నాను.

గాలి మళ్ళే వేళ నా పడవ మళ్ళించు ప్రభువా
గట్టు కాడ దీపమై నా కంటికానుము ప్రభువా

తర్వాత మూడు చరణాలు, విడిగా కాగితం మీద ఉన్నాయి. బారువ వెళ్ళినప్పుడు సముద్రం ఒడ్డున కూచుని అనుకున్న మాటలు అవి. ఆయన చూసి, "ఇంత పొడుగు రాసినావు, పాడీది నువ్వే గదేటి. ఊపిరెక్కడ తీత్తావు?" అని వెక్కిరించారు. మీకు తెలుసు కదా, జీడిపిక్కల బట్టీలో పొగ మింగి మింగి నాకు ఆయాసం. ఆ పని మానేసి చాలా కాలమైనా అది నన్ను మానలేదు. చర్చిలో నేను వరస మధ్యలో దొంగతనంగా ఊపిరి తీసుకుంటాను. ఎవరికీ తెలియకుండా తలొంచుకుని తీస్తాను. పొట్టిగా రాయమంటే నాకు చేతకాలేదు. వదిలేశారు.

మా అక్క కొడుకు ఏసుబాబు ఇప్పుడు చర్చిలో పాటలు నడుపుతున్నాడు. మంచివాడే. ఆ మాటలకి వాడే ఒక రాగం కట్టాడు. సెల్లో వేసి వినిపించి, "సిన్నమ్మా, సిన్నాన్న రాగం దొరక్కపోతే ఇదే పాడిద్దుమా?" అన్నాడు. డప్పులు, ఈలలు, చప్పట్లు అన్నీ ఉన్నాయి. ఊఁ అన్నాను. వాడు సంతోషంగా వెళ్ళాడు.

నేను ఎలా ఉన్నానని యామిని వదిన అడగమన్నట్టుంది. బాగానే ఉన్నాను. వండుకుంటున్నాను. ఉప్పు వేశానో లేదో తినేటప్పుడు కూడా తెలియడం లేదు. నిన్న చెయ్యి కాలింది. బొబ్బ చూశాక కాలిందని తెలిసింది. ఇది బాగా ఉండడమేనా అని మీరు అడగవద్దు.

అన్నమ్మ


టెక్కలి,
అక్టోబరు 14

చెల్లెమ్మా,

దొరికింది!

ముందు ఈ ఒక్క మాట చదివి, మంచినీళ్ళు తాగి, మిగతాది చదువు.

పట్టిక లేదు కాబట్టి లోపలి వలయాల రాతంతా ఒక్కొక్కటే తీసి, అవి ఏ మెట్లో రాసుకుంటూ వెళ్ళాను. మొదట దొరికినవి క్రిస్మస్ పాటలు. ఆ తర్వాత మా అబ్బాయి తరుణ్ పెళ్ళి బరాతుకి వాయించినవి. మా ఇంటి దేవుడి ఊరేగింపుకి బావ చర్చి కీబోర్డు మోసుకొచ్చి వాయించాడు, గుర్తుందా? పాస్టరు గారు అడిగితే "వాళ్ళ దేవుడికి కాదండీ, మా బావకి వాయించాను" అన్నాడు. అది కూడా ఇందులోనే ఉంది. నేను ఒక్కణ్ణే కూచుని నవ్వాను.

చివరికి ఒక ముక్క వచ్చింది. ఎప్పుడూ వినని రాగం. నీ కాగితం పక్కన పెట్టి అక్షరం అక్షరం లెక్క చూశాను. రెండో చరణం నడిమి నుంచి సరిపోయింది. మూడోది పూర్తిగా ఉంది. ముందరి భాగం, అంటే మొదటి పల్లవి, మొదటి చరణం, రెండో చరణంలో సగం, చెరిగిన వలయాల్లో పోయాయి. అవి ఇక రావు. పల్లవి లేని పాట ఏం పాట?

అప్పుడు నా బుర్రకి వెలిగింది. మన పాటలకి పల్లవి తిరిగొస్తుంది కదా చెల్లెమ్మా! చరణం అయిన ప్రతిసారీ మళ్ళీ పాడతాం కదా! రెండో చరణం తర్వాత ఒకసారి, మూడో చరణం తర్వాత ఒకసారి, పల్లవి చెక్కుచెదరకుండా ఉంది. నువ్వు ఎస్ నొక్కినా, అది చెరిపినా, పల్లవి రెండుసార్లు లోపల దాక్కుని ఉంది.

ఇంకొక్కటి చెప్పాలి. వాయింపులో తాళం తప్పింది. పల్లవి రెండో వరసలో మధ్యన, చరణాల్లో అక్కడక్కడ, రావలసిన మెట్టు వేళకి రాదు. ఆగి, తర్వాత వస్తుంది. ఆఖరి రోజుల్లో బావ ఎడమ చెయ్యి డయాలసిస్ సూదులకి వాచిపోయి వేళ్ళు తిమ్మిరెక్కేవి. నా ఎదురుగానే టీ గ్లాసు జారవిడిచాడు. ఆ బలహీనత సంఘం అందరి ముందూ వినిపించడం నాకు ఇష్టం లేకపోయింది. ఆ ఆలస్యాలన్నీ తాళంలోకి లాగి సర్దేశాను. ఇప్పుడు గడియారంలా నడుస్తుంది. బావ బాగున్న రోజుల్లో ఎలా వాయించేవాడో అలా ఉంది.

కీబోర్డు ఈ ఉత్తరంతో పాటే బండిలో వస్తోంది. పెన్‌డ్రైవు అందులోనే ఉంది. మొదటి పల్లవి లేదు కదా, కావాలంటే తిరిగొచ్చిన పల్లవినే నకలు తీసి ముందు అతికిస్తాను. జిరాక్సు వాడికి అదెంత పని. కావాలో వద్దో రాయి.

నీ చెయ్యి కాలిన చోట ఏమైనా రాస్తున్నావా? రాయకపోతే యామిని వచ్చేస్తానంటోంది. నేను ఆపలేను.

తిరుపతిరావు


పూండి,
అక్టోబరు 27

అన్నయ్యకి,

కీబోర్డు చేరింది. విన్నాను. మీరు పడ్డ శ్రమకి వందనాలు.

రాగం బాగుంది. ఆయనదే అని మీరన్నారు కాబట్టి ఆయనదే. నాకు ఏమీ కాలేదు. మూడుసార్లు విన్నాను. ఎవరిదో పెళ్ళికి బాగా వాయించినట్టుంది.

పాడి చూశాను. మొదటి వరస పరవాలేదు. "గట్టు కాడ దీపమై" దగ్గరికి వచ్చేసరికి నాకు ఊపిరి చాలలేదు. కీబోర్డు ముందుకు వెళ్ళిపోయింది, నేను వెనక ఉండిపోయాను. మళ్ళీ మొదలుపెట్టాను. మళ్ళీ అక్కడే. దగ్గు పట్టుకుంది. ఆయన ఎప్పుడూ నన్ను ఇలా వదిలేసి వెళ్ళలేదు అని ఈ ఉత్తరంలో రాయబోయి ఆగాను. వెళ్ళారు కదా. కొంచెం నవ్వొచ్చింది, అది కూడా పైపైన.

మీరు నొచ్చుకోకండి. ఇది ఆయన కాదు అన్నయ్యా. ఎందుకు కాదంటే నేను చెప్పలేను. లేదంటే నేనే ఏ రాగానికీ పనికిరాకుండా పోయానేమో.

ఏసుబాబు రాగమే పాడతాం. వాడు నిన్న మళ్ళీ అడిగాడు. ఊఁ అనేశాను.

చేతికి కొబ్బరినూనె రాస్తున్నాను. వదినని రావద్దనండి.

అన్నమ్మ


టెక్కలి,
నవంబరు 4

చెల్లెమ్మా,

నీ ఉత్తరం చదివి భోజనం ముందు నుంచి లేచిపోయాను. కోపం వచ్చింది. నీ మీద కాదు. నా మీదే.

జిరాక్సు వాడి ధర్మం ఒకటే. కాగితం మీద మరక ఉంటే నకలులో కూడా మరక రావాలి. మరక తుడిచి ఇస్తే అది నకలు కాదు. ఇన్నేళ్ళు షాపు పెట్టుకుని, బావ దగ్గరికి వచ్చేసరికి తుడిచేశాను. అతిప్రేమ ఒకటి, అతితెలివి ఒకటి. రెండూ కలిశాయి.

నా అదృష్టం, ముట్టుకోని ఇమేజ్ పక్కన పెట్టి ఉంచాను. దాన్ని మళ్ళీ తెరిచాను. తిరిగొచ్చిన పల్లవులు రెండూ పక్కపక్కన పెట్టి చూశాను. తిమ్మిరి వల్ల ఆగితే ఒకసారి ఇక్కడా, ఇంకోసారి ఎక్కడో ఆగాలి కదా. జబ్బుకి జ్ఞాపకం ఉండదు. బావ రెండుసార్లూ అదే మాట దగ్గర ఆగాడు. "దీపమై" తర్వాత. అదీ కుడిచేత్తో. ఆ చేతికి ఏ జబ్బూ లేదు. వాచిన ఎడమ చెయ్యి మాత్రం మెట్లు వదలకుండా నొక్కి పట్టుకునే ఉంది, కుడిచెయ్యి మళ్ళీ మొదలుపెట్టేదాకా. చరణాల్లో కూడా అంతే. వరస ఎంత పొడుగుంటే ఆ ఆగడం అంత పొడుగు.

ఇది చెయ్యి ఆడక ఆగిపోవడం కాదు చెల్లెమ్మా. కావాలని ఆగాడు. ఎందుకో నాకు తెలియదు. సంగీతం నాకు రాదు, చర్చి పాటలు అసలే రావు.

ముట్టుకోని ఇమేజ్ ఈ పెన్‌డ్రైవులో పెట్టాను. ఒక్క మెట్టు కూడా సర్దలేదు, ముందు ఏమీ అతికించలేదు. పాతది తీసేసి ఇది పెట్టు. ఊరికే వినకు, పాడుతూ విను. అప్పటికీ కాకపోతే ఏసుబాబుదే పాడండి, నేను ఇంకేమీ అనను.

తిరుపతిరావు


పూండి,
నవంబరు 18

అన్నయ్యా,

పెన్‌డ్రైవు పోస్టులో బుధవారం వచ్చింది. శనివారం దాకా ముట్టుకోలేదు. మళ్ళీ ఏమీ కాకపోతే ఇక చూడడానికి ఏమీ మిగలదని భయం.

శనివారం మధ్యాహ్నం పెట్టాను. కూర పొయ్యి మీద ఉంది. వినలేదు, మీరు చెప్పినట్టు పాడాను. "గట్టు కాడ దీపమై" అన్నాను. ఊపిరి అయిపోయింది. కీబోర్డు వెళ్ళిపోతుందనుకుని గబగబా తలొంచుకున్నాను, చర్చిలో చేసినట్టు.

వెళ్ళలేదు.

ఎడమచేతి శ్రుతి అలాగే మోగుతూ ఉంది. నేను ఊపిరి తీసుకున్నాను, గుండె నిండా. తీసుకోవడం అయ్యాక "నా కంటికానుము" కుడిచేత్తో మొదలైంది, నేను మొదలుపెట్టినప్పుడే. చరణంలో కూడా అంతే. నేను ఎక్కడ ఆగుతానో ఆయన అక్కడ ఆగి ఉన్నారు. ఆయన ఉండగా నేను ఒక్కసారి కూడా ఆ రాగానికి పాడలేదు అన్నయ్యా. మాటలు చూసి, ఎక్కడ నాకు ఊపిరి చాలదో ఆయనే లెక్క కట్టుకున్నారు. ఇన్నేళ్ళూ నేను దొంగతనంగా ఊపిరి తీసుకుంటున్నాననే అనుకున్నాను. ఆయన ప్రతిసారీ కాచుకుని కూచున్నారని నాకు తెలియదు.

కూర మాడిపోయింది. వాసన తెలిసింది.

ఆదివారం చర్చికి ముందు ఏసుబాబు వచ్చి విన్నాడు. వాడి కళ్ళలో నీళ్ళు తిరిగాయి గాని, పాటలు నడిపేవాడు కదా, "సిన్నమ్మా, బాగుంది గాని మజ్జిమజ్జిన ఖాళీలొచ్చేత్తన్నాయి. జనం తడబడిపోతారు. నానొక రిథమ్ ఎట్టేత్తాను, సరేనా?" అన్నాడు.

"వద్దు" అన్నాను.

వాడు నా మొహం కేసి చూశాడు. నాకూ ఆ మాట కొత్తగా వినబడింది. "మొదటి పల్లవి కూడా లేదు కదా, మరి దానికైనా..." అన్నాడు. అదీ వద్దన్నాను. పోయింది పోయినట్టే ఉండనీ, అది నా చేత్తో పోగొట్టింది, దాని మీద ఏమీ అతికించవద్దు అన్నాను. మొదటి పల్లవి, ఒకటిన్నర చరణం నేను నిలబడి చదివాను, కీర్తన చదివినట్టు. రెండో చరణం సగంలో ఏసుబాబు కీబోర్డు మీట నొక్కాడు. అక్కడి నుంచి ఆయన వచ్చారు.

సంఘానికి ముందే చెప్పాను, నన్ను చూసి పాడండి, నేను ఆగినప్పుడు ఆగండి అని. మొదటి ఖాళీలో ఊపిరి తీసుకున్నాను. అందరూ తీసుకున్నారు, ఆ గాలి చప్పుడు నాకు వినబడింది. మూడో చరణం బాగానే గడిచింది. ఆఖరి పల్లవిలో, "దీపమై" దగ్గర, ఊపిరి తియ్యబోతే ఏడుపు వచ్చింది. ఆపలేకపోయాను. ఆయన ఊపిరికి చోటు వదిలారు గాని ఏడుపుకి వదల్లేదు. కీబోర్డు తన వేళకి ముందుకు వెళ్ళిపోయింది. నేను వెనక ఉండిపోయాను. సంఘం అందుకుని పాడేసింది. నేను బెంచీ మీద కూచుని, ఒళ్ళంతా కదిలేలా ఏడ్చాను. పక్కనున్న మా సంఘం భాగ్యలక్ష్మి వదిన పట్టుకుంది. ఆవిడ చెయ్యి వెచ్చగా ఉంది.

పచ్చ ఫ్లాపీ పోస్టులో పంపకండి. యామిని వదినని తీసుకుని మీరే తెండి. రైలైతే స్టేషను నుంచి మా ఇల్లు దగ్గరే. టీ పెడతాను.

అన్నమ్మ